హతసాక్షి అంటే ఎవరు? బడిలో కాల్పుల తరువాత విశ్వాసం, దుఃఖం, స్వస్థత



అమెరికాలో ఏదో ఒక బడిలో కాల్పులు జరిగాయన్న వార్త వచ్చినప్పుడల్లా అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కల ఎన్నో ఇళ్ళలో ఫోన్లు మోగుతాయి. "మనవాళ్ళు ఆ ఊళ్ళోనే ఉన్నారా?" అని తల్లులు అడుగుతారు. పిల్లలు చదువుకోసం, ఉద్యోగంకోసం దూర దేశాల్లో ఉన్న ఇళ్ళు మన కోనసీమలో తక్కువేమీ కాదు. 2007 డిసెంబరులో లూసియానా స్టేట్ యూనివర్సిటీ ఆవరణలోని నివాసంలో ఇద్దరు తెలుగు పరిశోధక విద్యార్థులను దుండగులు కాల్చి చంపారు. అదే ఏడాది ఏప్రిల్ 16న వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. కనుక ఈ విషయం మనకు మరీ దూరపుది కాదు.

ఇలాంటి ఘోరం తరువాత విశ్వాసులైన కుటుంబాలకు రెండు రకాల ప్రశ్నలు వస్తాయి. ఒకటి ఆత్మీయమైనది: చనిపోయిన బిడ్డ హతసాక్షియా? భయపడి మాట్లాడలేకపోయిన బిడ్డ సంగతేమిటి? రెండవది ఆరోగ్యానికి సంబంధించినది: బతికి బయటపడినవారికి నిద్ర ఎందుకు రాదు? ప్రార్థన చేస్తున్నా భయం ఎందుకు పోదు? ఈ రెండూ వేరు వేరు ప్రశ్నలలాగా కనిపించినా ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి.

కొలంబైన్‌లో జరిగినది

1999 ఏప్రిల్ 20, మంగళవారం. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం, లిటిల్టన్ దగ్గర ఉన్న కొలంబైన్ హైస్కూలులో ఇద్దరు విద్యార్థులు తుపాకులతో ప్రవేశించి 12 మంది తోటి విద్యార్థులను, ఒక ఉపాధ్యాయుడిని చంపి, తమను తాము కాల్చుకున్నారు. ఇరవై మందికి పైగా గాయపడ్డారు. చనిపోయినవారిలో పదిమంది లైబ్రరీలో ఉన్న పిల్లలే.

ఆ ఉపాధ్యాయుడు డేవ్ శాండర్స్. పిల్లలను హెచ్చరించి తప్పించే ప్రయత్నంలో ఆయనకు గుండ్లు తగిలాయి. విద్యార్థులు తమ చొక్కాలు విప్పి గాయాలకు అదిమిపెట్టారు. కానీ సహాయం రావటానికి గంటలు పట్టటంతో రక్తం పోయి ఆయన మరణించారు. ఆ తరువాత అమెరికా పోలీసులు బయట కాచుకొని ఉండే పద్ధతిని మార్చుకొని, వెంటనే లోపలికి వెళ్ళే పద్ధతి నేర్చుకున్నారు. మనకు కూడా ఇందులో ఒక పాఠం ఉంది. తుపాకీ గాయమైనా, రోడ్డు ప్రమాదమైనా, కత్తిపీట తెగినా, ధారగా కారే రక్తాన్ని శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి, పట్టు వదలకుండా ఉండాలి. పొడి, పసుపు, కాఫీపొడి వంటివి వేయకూడదు. వెంటనే 108కి ఫోను చేయాలి.

"అవును" అన్నది ఎవరు?

కాల్పులు జరిగిన కొద్ది రోజులకే ఒక వార్త లోకమంతా పాకింది. లైబ్రరీలో క్యాసీ బెర్నాల్ అనే 17 ఏళ్ళ అమ్మాయిని హంతకుడు "దేవుణ్ణి నమ్ముతావా?" అని అడిగాడనీ, ఆమె "అవును" అనగానే కాల్చాడనీ. ఎన్నో దేశాల మందిరాల్లో ఆమెను హతసాక్షిగా తలుచుకున్నారు. ఆమె తల్లి అదే ఏడాది కూతురి జీవితంపై ఒక పుస్తకం ప్రచురించారు.

అయితే పోలీసు విచారణలో వేరే సంగతి తేలింది. క్యాసీతోపాటు అదే బల్ల కింద ఉన్న మరో అమ్మాయి, అటువంటి సంభాషణ జరగలేదని చెప్పింది. ఆ మాటలు విన్నానన్న అబ్బాయిని తిరిగి లైబ్రరీకి తీసుకువెళ్ళి, గొంతు ఎటువైపు నుండి వచ్చిందో చూపమంటే, అతడు వేరే బల్లను చూపించాడు. అక్కడ ఉన్నది వలీన్ షనూర్ అనే అమ్మాయి. ఆమె అప్పటికే గాయపడి దేవుణ్ణి పిలుస్తుంటే హంతకుడు ఆ ప్రశ్న అడిగాడు. ఆమె నమ్ముతున్నానని జవాబు చెప్పింది. అతడు తుపాకీలో గుండ్లు నింపుకుంటూ పక్కకు తిరిగాడు. ఆమె బతికింది.

ఇది విన్న కొందరు విశ్వాసులు నొచ్చుకున్నారు. సాక్ష్యాన్ని చెరిపేస్తున్నారని అనుకున్నారు. కానీ కొంచెం ఆగి ఆలోచిద్దాం. "అవును" అన్న అమ్మాయి నిజంగా ఉంది. చావు ఎదుట నిలబడి ఒప్పుకున్నది. ఆమె బతికినందువలన ఆ ఒప్పుకోలు విలువ తగ్గిందా? క్యాసీ సంగతి కూడా చూడండి. అంతకుముందు కొంతకాలం చీకటిలో తిరిగి, తరువాత ప్రభువును తెలుసుకొని మార్పు చెందిన బిడ్డ ఆమె. ఆమె చివరి క్షణంలో ఏమీ పలకలేకపోయి ఉంటే ఆ మార్పు అబద్ధమవుతుందా? కాదు కదా.

తప్పుగా ప్రచారమైన సంగతిని సరిదిద్దుకొనటం విశ్వాసానికి నష్టం కాదు. సాక్ష్యము అనే మాటే సత్యంమీద నిలబడింది.

హతసాక్షి అనే మాట

గ్రీకు భాషలో "మార్తుస్" అంటే సాక్షి. కోర్టులో నిలబడి తాను చూసినది చెప్పే మనిషి. మొదట ఈ మాటలో చావు లేదు. సాక్ష్యం చెప్పినందుకు చంపబడినవారు పెరిగేకొద్దీ ఆ మాటకు ఇప్పుడు మనకు తెలిసిన అర్థం వచ్చింది. తెలుగులో "హతసాక్షి" అనే మాట చక్కగా కుదిరింది. అందులో హతుడు మాత్రమే కాదు, సాక్షి కూడా ఉన్నాడు. ముఖ్యమైన భాగం సాక్షియే.

లేఖనాల్లో మూడు సంగతులు గమనించండి.

మొదటిది, అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం. హేరోదు యాకోబును ఖడ్గంతో చంపించాడు. పేతురు మాత్రం చెరసాలనుండి విడిపించబడ్డాడు. యాకోబుకు విశ్వాసం తక్కువనీ, పేతురుకు ఎక్కువనీ లూకా ఎక్కడా రాయలేదు. కనుక "ప్రార్థన సరిగా చేసి ఉంటే మీ బిడ్డ బతికేవాడు" అనే మాట లేఖనానికి విరుద్ధం. దుఃఖంలో ఉన్న తల్లిదండ్రుల ఎదుట ఆ మాట ఎవరూ అనకూడదు.

రెండవది, స్తెఫను మరణం. అతడు పరలోకం తెరవబడటం చూసి నిద్రించాడు. అయినా 8వ అధ్యాయం 2వ వచనంలో భక్తిగల మనుష్యులు అతణ్ణి సమాధి చేసి బహుగా ప్రలాపించారని చదువుతాం. మొట్టమొదటి హతసాక్షి కోసం సంఘం బిగ్గరగా ఏడ్చింది. "ప్రభువు దగ్గరకు వెళ్ళాడు, ఏడవకూడదు" అని ఎవరూ అడ్డుపడలేదు.

మూడవది, మత్తయి 2వ అధ్యాయంలోని బేత్లెహేము పసిపిల్లలు. వారిని ఏ ప్రశ్నా అడగలేదు. వారు ఏ జవాబూ చెప్పలేదు. అయినా అనేక సంఘాలు డిసెంబరు 28న వారిని హతసాక్షులతోపాటు జ్ఞాపకం చేసుకుంటాయి. ఆ తల్లులు ఓదార్పు పొందనొల్లక ఏడ్చారని మత్తయి దాచకుండా రాశాడు.

ఇంకొక మాట. చావును వెతుక్కుంటూ వెళ్ళటం హతసాక్ష్యం కాదు. రెండవ శతాబ్దంలో స్ముర్న సంఘ కాపరి పోలికార్పు మరణాన్ని గురించి రాసిన పత్రికలోనే, తనంతట తాను ముందుకు వెళ్ళి, మృగాలను చూచి భయపడి విశ్వాసాన్ని వదిలిన క్వింతు అనే మనిషి సంగతి ఉంది. అటువంటి తొందరపాటును ఆ సంఘం మెచ్చుకోలేదు. ఆత్మహత్య ఆలోచనలతో బాధపడే యువతీయువకులు చావును గొప్పచేసే మాటలు వింటే వారికి ప్రమాదం. సండేస్కూలులో, యవ్వనస్థుల కూడికల్లో ఈ కథలు చెప్పేవారు దీన్ని గుర్తుంచుకోవాలి.

అదే ఏడాది, మన పొరుగు రాష్ట్రంలో

కొలంబైన్‌కు మూడు నెలల ముందు, 1999 జనవరి 22 రాత్రి దాటాక, ఒరిస్సాలోని కెందుఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన కుమారులు ఫిలిప్, తిమోతిలను, వారు నిద్రిస్తున్న వాహనంలోనే తగలబెట్టారు. ఫిలిప్‌కు 10 ఏళ్ళు, తిమోతికి 6 ఏళ్ళు. గ్రాహం 1965 నుండి ఇండియాలో ఉండి బారిపదలో కుష్ఠురోగుల ఆశ్రమంలో సేవచేశారు.

ఆయన భార్య గ్లాడిస్ స్టెయిన్స్ నర్సు. హంతకులను క్షమిస్తున్నానని ఆమె చెప్పినది దేశమంతా విన్నది. కానీ ఆమె తరువాత చేసిన పని గురించి మనం తక్కువగా మాట్లాడుకుంటాం. ఆమె కుమార్తె ఎస్తేరుతో బారిపదలోనే ఉండిపోయి, రోగుల సేవ కొనసాగించారు. 2004లో అక్కడ గ్రాహం స్టెయిన్స్ జ్ఞాపకార్థం ఆసుపత్రి ప్రారంభమైంది. 2005లో భారత ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. కోర్టు కేసు తన దారిన తాను నడిచింది. ప్రధాన నిందితుడికి పడిన యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీం కోర్టు ఖాయం చేసింది.

ఇక్కడ రెండు సంగతులు తేటగా కనబడతాయి. క్షమించటం అంటే చట్టాన్ని ఆపటం కాదు. క్షమించటం అంటే జరిగినది చిన్న విషయమని ఒప్పుకోవటమూ కాదు.

గుండు తగిలిన తరువాత

కొలంబైన్‌లో 17 ఏళ్ళ యాన్ మేరీ హాక్‌హాల్టర్‌కు వెన్నులో గుండు తగిలి నడుము కింద చచ్చుబడింది. ఆరు నెలలకు ఆమె తల్లి ఆత్మహత్య చేసుకున్నారు. ఆ తల్లి అంతకుముందే మానసిక వ్యాధితో బాధపడుతుండేవారు. యాన్ మేరీ చక్రాల కుర్చీలో జీవించారు. 2016లో హంతకుల్లో ఒకరి తల్లికి ఉత్తరం రాసి, ద్వేషం మింగిన విషంలాంటిదని చెబుతూ, తన మనసులో కోపం లేదని తెలియజేశారు. 2025 ఫిబ్రవరిలో, 43వ ఏట, ఆమె మరణించారు. పక్షవాతం వలన వచ్చిన సమస్యలు, రక్తంలోకి పాకిన ఇన్‌ఫెక్షను కారణమని తేల్చి, ఆ మరణాన్ని హత్యగానే నమోదు చేశారు. 26 ఏళ్ళ తరువాత మృతుల లెక్కలో ఆమె 14వ వ్యక్తి అయ్యారు.

ఇది మనకు కొత్త జబ్బు కాదు. కొబ్బరి చెట్టు మీదనుండి పడి వెన్ను విరిగిన దింపు కార్మికులు మన ప్రాంతంలో ఉన్నారు. వారికీ ఇవే ప్రమాదాలు: పుండ్లు, మూత్రంలో ఇన్‌ఫెక్షను, జ్వరం, నిరాశ. మంచంమీద ఉన్నవారిని రెండు గంటలకు ఒకసారి పక్కకు తిప్పాలి. చర్మం ఎర్రబడినదేమో రోజూ చూడాలి. మూత్రం గొట్టం శుభ్రంగా ఉంచాలి. చలితో జ్వరం వస్తే ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకురావాలి. దెబ్బ తగిలిన మొదటి నెలలో వచ్చే చుట్టాలు పదో నెలలో రారు. సంఘం వెళ్ళవలసింది ఆ పదో నెలలోనే.

మనసుకు తగిలిన గాయం

ప్రాణభయం కలిగినప్పుడు శరీరం పారిపోవటానికో, ఎదిరించటానికో సిద్ధమవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, చెమటలు పడతాయి. కొందరు కొయ్యబారిపోతారు, నోట మాట రాదు. ఇది పిరికితనం కాదు. శరీరానికి దేవుడు పెట్టిన రక్షణ ఏర్పాటు. అందుచేత తుపాకీ ఎదుట బిడ్డ ఏమీ పలకలేకపోతే అది విశ్వాసాన్ని కాదనటం కాదు. బతికిన పిల్లలు "నేను కూడా అవును అనేవాడినా?" అని తమను తాము నలుపుకుంటుంటారు. వారికి ఈ మాట చెప్పటం చాలా అవసరం.

అపాయం దాటినా కొందరిలో ఆ భయపు గంట మోగుతూనే ఉంటుంది. 1996 నవంబరు తుఫాను చూసినవారికి తెలుసు, ఏళ్ళు గడిచినా గాలి హోరు వింటే కొందరికి గుండె దడదడలాడేది. 2014 జూన్ 27న నగరంలో గ్యాసు పైపులైను పేలిన తరువాత మంటల వాసనకే కంగారుపడినవారు ఉన్నారు. ఇటువంటి బాధ నెల రోజులు దాటి ఉండి, రోజువారీ పనికి అడ్డమైతే దాన్ని వైద్యులు పి.టి.ఎస్.డి. అంటారు. దీనికి చికిత్స ఉంది.

పెద్దవారిలో గుర్తులు:

- జరిగినది మళ్ళీ కళ్ళముందు జరుగుతున్నట్టు ఉండటం, పీడకలలు
- ఆ చోటుకు, ఆ మాటకు, ఆ మనుషులకు దూరంగా తిరగటం
- చిన్న శబ్దానికి ఉలిక్కిపడటం, నిద్రలేమి, చిరాకు
- "నేనెందుకు బతికాను?" అనే అపరాధభావం

చిన్నపిల్లలలో గుర్తులు:

- మానేసిన పక్క తడపటం మళ్ళీ మొదలవటం
- తల్లిని వదలకపోవటం, బడికి వెళ్ళనని మారాం
- కారణం తెలియని కడుపునొప్పి, తలనొప్పి
- జరిగినదాన్నే మళ్ళీ మళ్ళీ ఆటగా ఆడటం

మొదటి వారాల్లో ఇవి చాలామందికి వస్తాయి, చాలామందిలో వాటంతట అవే తగ్గుతాయి. నిద్రకోసం మందులషాపులో మాత్రలు కొని వాడకండి. అలవాటుగా మారే ప్రమాదం ఉంది. జరిగినదంతా వెంటనే చెప్పమని బలవంతపెట్టటం కూడా మేలు చేయదు.

క్షమాపణ మందుబిళ్ళ కాదు

2006 అక్టోబరు 2న పెన్సిల్వేనియాలోని నికెల్ మైన్స్ అనే చోట, ఆమిష్ అనే క్రైస్తవ తెగవారి చిన్న బడిలో ఒక వ్యక్తి పదిమంది బాలికలను కాల్చి తాను చనిపోయాడు. ఐదుగురు మరణించారు. ఆ సాయంత్రమే ఆమిష్ పెద్దలు హంతకుని భార్యాబిడ్డలను ఆదరించటానికి వెళ్ళారు. అతని భూస్థాపనకు కూడా హాజరయ్యారు. ఆ బడిని పది రోజుల్లోనే పడగొట్టి, వేరే చోట కొత్త బడి కట్టి 2007 ఏప్రిల్‌లో తెరిచారు. తీవ్రంగా గాయపడి మంచాన ఉన్న ఒక బాలికకు సేవచేయటానికి హంతకుని తల్లి ఏళ్ళ తరబడి వారం వారం వెళ్ళేది.

ఈ సంగతి గొప్పది. కానీ ఆ తల్లిదండ్రులే తరువాత చెప్పారు, క్షమించటం రోజూ మళ్ళీ మళ్ళీ చేయవలసిన పని అని. వారు సలహాదారుల సహాయం కూడా తీసుకున్నారు. కొలంబైన్ ప్రిన్సిపాలుగా 2014 వరకు కొనసాగిన ఫ్రాంక్ డిఏంజెలిస్ విశ్వాసిగా ఉంటూనే, కౌన్సెలింగ్ తీసుకున్నానని బాహాటంగా చెప్పారు. విశ్వాసం, వైద్యం ఒకదానికొకటి పోటీ కాదు. మొదటి రాజులు 19వ అధ్యాయంలో చావు కోరుకున్న ఏలీయాకు దేవుడు మొదట ఇచ్చినది ప్రసంగం కాదు. నిద్ర, రొట్టె, నీళ్ళు. తరువాతే మాట.

కనుక గాయపడినవారిని "క్షమించావా?" అని అడిగి తొందరపెట్టకండి. అది వారికీ ప్రభువుకూ మధ్య ఉన్న సంగతి. పండని కాయను కోస్తే తీపి రాదు.

సంఘం చేయగలిగినవి

- ఆదరణ కూడికలో ఏడవనివ్వండి. కీర్తనల గ్రంథంలో విలాపాలు చాలా ఉన్నాయి, చదవండి.
- "దేవుని చిత్తం" అనే మాటను ఓదార్పుగా వాడేముందు ఒకసారి ఆగండి. పక్కన కూర్చుంటే చాలు.
- అన్నం పట్టుకెళ్ళండి. మిగిలిన పిల్లలను బడికి దింపండి. వారి మాట కూడా వినండి.
- చనిపోయినవారి గురించి తెలిసినది మాత్రమే చెప్పండి. పెంచి చెప్పిన కథ తరువాత విరిగితే ఆ కుటుంబానికి రెండవ గాయం.
- హంతకుని ఫోటోలు, వీడియోలు పంచకండి. పేరుకోసం చేసేవారికి అది ఎర.
- ఏడాది తిరిగిన రోజును క్యాలెండరులో రాసుకొని ఆ ఇంటికి వెళ్ళండి.

కొలంబైన్‌లో మరణించిన రేచల్ స్కాట్ తండ్రి, కూతురు రాసుకున్న దయను గురించిన మాటలను ఆధారం చేసుకొని 2001లో బడి పిల్లలకోసం ఒక కార్యక్రమం ప్రారంభించారు. ఒంటరిగా తినే పిల్లవాడి పక్కన కూర్చోమని, ఎగతాళి చేయవద్దని అది నేర్పుతుంది. మన సండేస్కూళ్ళలోనూ ఈ పని రేపే మొదలుపెట్టవచ్చు.

ఎప్పుడు డాక్టరు దగ్గరకు రావాలి?

పై గుర్తులు నెల దాటినా తగ్గకపోతే, తిండి నిద్ర పూర్తిగా పోతే, తాగుడు పెరిగితే తప్పక రండి. చనిపోవాలనే మాట నోట వస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దు. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బాలు ఇంట్లో అందకుండా తీసివేయండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లల సహాయానికి 1098 ఉంది.

సాక్షి అంటే చూసినది చెప్పేవాడు. గాయపడిన ఇంటికి వెళ్ళి, తలుపు దగ్గరే నిలబడకుండా లోపలికి వెళ్ళి కూర్చున్నవారూ సాక్షులే. వారికి చావు అవసరం లేదు, సమయం ఇస్తే చాలు.

ప్రార్థనాంశములు: బిడ్డలను కోల్పోయిన తల్లిదండ్రుల కొరకు, బతికి బయటపడి నిద్రపట్టని పిల్లల కొరకు, దూర దేశాల్లో ఉన్న మన పిల్లల క్షేమము కొరకు, మంచాన ఉన్నవారిని ఏళ్ళ తరబడి చూసుకుంటున్న ఇంటివారి బలము కొరకు.